35 దాటించే పరిశోధన: అపోహలు – వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే పదో తరగతి పిల్లలకు ఊపిరాడదు. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో స్లిప్ టెస్టు. ఈ హడావిడిలో చర్యా పరిశోధన, అంటే తన తరగతి సమస్యను టీచరే పరిశోధించి సరిదిద్దుకోవడం, అన్న మాట ఎత్తితే చాలామంది టీచర్లు నవ్వేస్తారు. బీఈడీలో పక్కవాళ్ల రికార్డు చూసి రాసి, అట్ట వేసి ఇచ్చిన పేజీలే వాళ్లకు గుర్తొస్తాయి. ఆ నవ్వును తప్పుపట్టలేం కానీ, దాని వెనక కొన్ని అపోహలున్నాయి.

అపోహ: గంటలు పెంచి, మోడల్ పేపర్లు రుద్దిస్తే ఎవరైనా పాసవుతారు.

వాస్తవం: 2, 7, 12... ఈ అంకశ్రేఢిలో 10వ పదం ఎంత? జవాబు 47. ఒక అమ్మాయి 52 అని రాసింది. రెండుకు పది అయిదులు కలిపింది. పదో పదానికి చేరేలోపు ఉన్న ఖాళీలు తొమ్మిదేనని ఆమెకు తట్టలేదు. పక్క బెంచీ కుర్రాడు రెండుకు తొమ్మిది అయిదులు కలపాలని సరిగ్గానే వేశాడు. కానీ ముందు 2, 9 కలిపేసి, వచ్చిన 11ని అయిదుతో గుణించి 55 తేల్చాడు. ఇద్దరికీ ఎర్ర సిరాతో ఒకే ఇంటూ మార్కు పడింది, జబ్బులు మాత్రం వేరు. అమ్మాయికి శ్రేఢి బొమ్మ గీసి చూపాలి. కుర్రాడికి శ్రేఢి లెక్కలు వంద చేయించినా లాభం లేదు, వాడి చిక్కు చిన్న తరగతుల్లోనే మొదలైంది. ప్రశ్నను ఖాళీగా వదిలేసిన మూడోవాడికి అసలు అది చదవడమే రాకపోవచ్చు, ముఖ్యంగా ఇంగ్లీషు మీడియంలో. ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ న్యూమన్ 1970ల్లో చూపించింది ఇదే: ప్రశ్న చదివించాలి, అర్థం చెప్పించాలి, ఏ పద్ధతో అడగాలి, చేయించాలి, జవాబు రాయించాలి. పిల్లవాడు ఎక్కడ ఆగితే వైద్యం అక్కడ.

అపోహ: పరిశోధన యూనివర్సిటీ వాళ్ల పని, మనకు గణాంకాలు రావు.

వాస్తవం: చర్యా పరిశోధన అన్న పేరును 1940ల్లో ప్రచారంలోకి తెచ్చింది మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్. దాన్ని బడికి పట్టుకొచ్చినవాళ్లలో ముఖ్యుడు కొలంబియా టీచర్స్ కాలేజీలోని స్టీఫెన్ కోరీ. బడి సమస్యలను టీచర్లే పరిశోధించుకోవాలంటూ 1953లో పుస్తకమే వేశాడు. దీనికి కావలసింది ఒక నోటుబుక్కు: ఏ తప్పు ఎంతమంది చేశారు, మనం ఏం మార్చాం, రెండు వారాలయ్యాక అలాంటి లెక్కకే ఏం రాశారు. అంకెలు మార్చి ఇవ్వడం మరవొద్దు, లేకపోతే బట్టీ పట్టిన జవాబు చూసి మనమే మురిసిపోతాం. మార్పేమీ రాలేదా? అదీ రాసిపెట్టాల్సిన ఫలితమే. వచ్చే ఏడాది అదే పని మళ్లీ చేయకుండా ఆపుతుంది.

అపోహ: ఫెయిలయ్యే పిల్లలకు చదువు మీద ధ్యాస లేదు.

వాస్తవం: ముందు హాజరు పట్టీ తిరగేయాలి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి కుటుంబాలు గుంటూరు వైపు మిర్చి కోతలకు వెళ్తాయి. పత్తి పండే ఊళ్లలో ఏరుడు రోజుల్లో బెంచీలు ఖాళీ అవుతాయి. ఆ రోజుల్లో జరిగిన పాఠాలను పిల్లలు తప్పిన ప్రశ్నల పక్కన పెట్టి చూస్తే, ధ్యాస సంగతి తర్వాత, అసలు పాఠమే వినలేదని తేలవచ్చు.

అపోహ: ఒక బడిలో ఫలించింది కదా, జిల్లా అంతా అమలు చేసేద్దాం.

వాస్తవం: వద్దు. పక్క బడికి ఇవ్వాల్సింది తప్పులు వెతికిన పద్ధతి. మందు ఎవరి తరగతికి వాళ్లే రాసుకోవాలి.

అపోహ: ఫలితాలొచ్చాక టీచర్ చేసేదేమీ లేదు, ఇక సప్లిమెంటరీ ఉంది, పిల్లల అదృష్టం ఉంది.

వాస్తవం: మార్కుల మెమో 28 అని చెబుతుందే తప్ప, పాసుకు కావలసిన 35లో మిగతా ఏడు ఎక్కడ పోయాయో చెప్పదు. ప్రీ ఫైనల్ జవాబు పత్రాలు కొంతవరకు చెబుతాయి. వాటిని కట్ట కట్టి పాత కాగితాలవాడికి వేయకుండా వేసవి దాకా బీరువాలో ఉంచాలి. ఫెయిలైన పిల్లవాణ్ని పిలిచి, వాడి పేపరే ముందు పెట్టి, ఏ మూడు ప్రశ్నలు నిలబెడితే ఆ ఏడు వస్తాయో వాడితోనే లెక్క కట్టించవచ్చు.