చేజేతులా ఇచ్చినా మోసం మోసమే!

మా తోట్లవల్లూరులో మా పక్కింటావిడ దొడ్లోంచి ఇత్తడి బిందె పోయింది. వీధంతా వినపడేలా దొంగని తిట్టిపోసింది. అదే ఆవిడ, "ఉయ్యూరులో నాకు బట్టల కొట్టుంది, నెలనెలా వడ్డీ ఇస్తా" అన్న మనిషికి పాతికవేలిచ్చింది. తీరా చూస్తే అక్కడ కొట్టూ లేదు, ఆ మనిషీ లేడు! అప్పుడు మాత్రం నోరెత్తలేదు. "నా చేత్తో నేనే ఇచ్చాను, ఎవరికని చెప్పుకోను వదినా? ఆయనకి తెలిస్తే ఇంకేమైనా ఉందా?" అని కళ్లొత్తుకుంది.

మనలో చాలామందిమి ఇలాగే అనుకుంటాం కదండీ! చట్టం అలా అనుకోదు. మన ఒప్పుకోలు లేకుండా, కాజేయాలని మన వస్తువు పట్టుకుపోతే అది దొంగతనం. అబద్ధం చెప్పి నమ్మించి, మన చేతే ఇప్పించుకుంటే అది మోసం. మొదటిదానికి మూడేళ్ల దాకా జైలైతే, రెండోదానికి ఏడేళ్ల దాకా పడొచ్చు! "వాడొట్టి ఫోర్ ట్వంటీ" అంటామే, ఆ 420 సెక్షను మోసానిదే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో అది 318 అయింది. దొంగతనం సెక్షను 303.

అయితే బాకీ తీర్చని ప్రతివాడూ మోసగాడు కాడు. నిజంగా వ్యాపారం పెట్టి నష్టపోతే అది వేరు. డబ్బు తీసుకునేనాడే మోసం చేసే ఉద్దేశం ఉందని రుజువు కావాలి. లేని కొట్టు ఉందని చెప్పడం అలాంటిదే.

విజయవాడ అగ్రిగోల్డ్ సంగతి గుర్తుందిగా? సుమారు 32 లక్షలమంది తమ చేత్తో తామే కట్టారు. అయినా మోసం కేసు పెట్టారు, 2015లో సి.ఐ.డి. చేపట్టింది, ఆస్తులు జప్తు చేశారు. ప్రభుత్వం 2019లో పదివేల లోపు, 2021లో ఇరవైవేల లోపు కట్టినవాళ్లకి కొంతమందికి డబ్బిచ్చింది. అప్పుడు అక్కరకొచ్చినవి బీరువాలో దాచుకున్న బాండ్లూ రశీదులే.

అందుకే డబ్బిచ్చేటప్పుడు ఎందుకు తీసుకుంటున్నారో రాయించి, తేదీతో సంతకం పెట్టించుకోండి. ఎదుట ఒక సాక్షి ఉంటే మరీ మంచిది. మోసమని తెలిసిన రోజే ఇంట్లో చెప్పండి, పోలీసులకి ఫిర్యాదు రాసివ్వండి. ఆలస్యమైనకొద్దీ మనిషీ దొరకడు, డబ్బూ మిగలదు.

పక్కింటావిడ ఆ మనిషి రాసిచ్చిన చీటీని పప్పు డబ్బాలో దాచిందట. మొన్న ధైర్యం చేసి ఆయనకి చెప్పింది. కాసేపు కేకలేశారు. తెల్లారి ఇద్దరూ ఆ చీటీ పట్టుకుని స్టేషనుకెళ్లారు. డబ్బొస్తుందో రాదో గానీ, ఆవిడ తలెత్తుకుని వెళ్లింది. సిగ్గుపడాల్సింది మోసగాడు, మనం కాదు!