నడుముకు రివాల్వర్ కట్టే ముందు

"అన్నా, మీడియం ఫ్రేమ్ కొనాల్నా, చిన్నది కొనాల్నా?" అని అడిగిండు మా పక్కూరి పిలగాడు. టెక్సస్‌ల గ్రీన్‌కార్డు మీద ఉంటడు, రాత్రిపూట బంకు దుకాణంల డ్యూటీ. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఆడ 21 ఏండ్లు నిండి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నోళ్లు పర్మిట్ లేకుంటనే నడుముకు పెట్టుకోవచ్చు. నేను తుపాకీ పట్టినోణ్ని కాదు. చదివి తెలుసుకున్నది చెప్తున్న.

ఫ్రేమ్ అంటే రివాల్వర్ మొండెం. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీల కె ఫ్రేమ్ మీడియం, 1899 నుంచి వస్తున్నది. మామూలుగ ఆరు తూటాలు, స్టీలుదైతే కిలోకు అటిటు. జె ఫ్రేమ్ చిన్నది, ఎక్కువగ ఐదే తూటాలు. అల్యూమినియంది అర కిలో కూడ తూగదు, జేబుల పడ్తది.

తేలికది మంచిదే గదా అనిపిస్తది. పేల్చినప్పుడు తెలుస్తది అసలు సంగతి. తూటా అదే, తుపాకీ బరువు తగ్గితే ఎదురుదెబ్బ చేతి మీద పడ్తది. పిడి పొట్టి, గురి చూసే దూరం పొట్టి. పైగ గుర్రం ఎక్కుపెట్టకుంట పేల్చాలంటే నాలుగైదు కిలోల బరువు గుంజినట్టు ట్రిగ్గర్ గుంజాలె. అర కిలో తుపాకీ మీద అంత జోరు పెడితే గురి కదులుతది. మీడియంది బరువుతోని నిలకడగ ఉంటది. అందుకే కొత్తోడు మీడియందే, .38 స్పెషల్ తూటాతోనే మొదలువెట్టాలె అంట నేను. .357 మాగ్నమ్ రివాల్వర్ల .38 స్పెషల్ కూడ పేలుతది. .357 తూటా గుల్ల (కేస్) మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగు గనుక .38 దాంట్ల పెట్టొద్దు.

కాని కిలో ఇనుము దినాం మోసుడు అల్కటి పని కాదు. మందపు బెల్టు, ట్రిగ్గర్‌ను పూర్తిగ కప్పే ఒర ఉండాలె. చాలా రివాల్వర్లకు వేరే సేఫ్టీ మీట ఉండదు. ఇంట్ల పిల్లలుంటే తాళం పెట్టె లేకుంట కొననే వద్దు. 2020 నుంచి అమెరికాల పిల్లల చావులకు మొదటి కారణం తుపాకే.

బంకుల దొంగొస్తే? గల్లపెట్టె ఇచ్చెయ్యమనే చెప్పిన వానికి.

చదువుకు పోయే తమ్ముళ్లు ఇంకోటి యాదిల పెట్టుకోండి. ఎఫ్-1 వీసా మీదున్నోళ్లు తుపాకీ కొనుడు, దగ్గర ఉంచుకునుడు ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నోళ్లకు మినహాయింపు ఉన్నది. దోస్తు తుపాకీ ఫొటో కోసం పట్టుకున్నా కేసైతది, వీసా మీదికి వస్తది.

ఇగ మన దగ్గర 1959 ఆయుధాల చట్టం. 21 ఏండ్లు నిండాలె, లైసెన్సు ఉండాలె. లైసెన్సు లేని నాటు రివాల్వర్ దొరికితే తక్కువల తక్కువ రెండేండ్ల జైలు.