పెడల్ తొక్కితే ఎరుపెక్కాలి!

మీకు తెలుసా? బ్రేక్ లైటు పని ఒకప్పుడు ఓ పలక చేసింది! మూకీ సినిమాల తార ఫ్లారెన్స్ లారెన్స్ 1914 ప్రాంతంలో తన కారుకు దాన్ని అమర్చుకుంది. బ్రేకు తొక్కగానే వెనక 'స్టాప్' అన్న పలక పైకి లేచేది. పేటెంటు మాత్రం తీసుకోలేదు. దమ్మిడీ రాలేదు, పాపం!

మీకు తెలుసా? ఆ 1914లోనే తయారైన ఓ ఇంగ్లండు ఫైరింజను మన నిజాం రైల్వేలో కొలువు చేసింది. పేరు జాన్ మోరిస్. ఇప్పుడు మకాం ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం. 1964లో మొదలైన స్టేట్స్‌మన్ వింటేజ్ ర్యాలీలో అదీ పరుగు తీసింది. మంటలార్పిన హైదరాబాదీకి రాజధానిలో చప్పట్లు!

ఢిల్లీలో పాత బండి లెక్కలే వేరు. డీజిలు కారుకు 10 ఏళ్లు, పెట్రోలు కారుకు 15 ఏళ్లు దాటితే గండమేనని 2014-15లో గ్రీన్ ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు సరేనంది. మరి 50 దాటితే? 2021 కేంద్ర నిబంధనలతో వింటేజ్ హోదా, నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు, 20,000 రూపాయల ఫీజు కడితే పదేళ్ల రిజిస్ట్రేషన్! పదహారేళ్లకు చీవాట్లు, యాభై ఏళ్లకు సన్మానం!

అయితే ఆ బండిని రోజూ తిప్పకూడదు. ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు, మరమ్మతు... వీటికే రోడ్డెక్కాలి. లక్ష్మీ నగర్ నుంచి యమున దాటి కశ్మీరీ గేట్ స్పేర్ పార్టుల బజారు దాకా వెళ్లి రిపేరు చేయించుకోవడం చట్టం ఒప్పుకున్న షికారే! కాకపోతే బ్రేక్ లైటు వెలగని బండితో సాయంత్రం పూట వికాస్ మార్గ్ మీదికి మాత్రం రాకండి. మెట్రో వంతెన కింద బంపరుకు బంపరు ఆనించుకుని కదిలే రోడ్డది.

ఇంతకీ దీపం ఎందుకు వెలగదు? అసలు సరదా ఇక్కడే!

మీకు తెలుసా? లూకాస్ కంపెనీ వైరింగున్న పాత బ్రిటిష్ కార్లలో తీగ రంగే చిరునామా. బ్రేకు స్విచ్చిదాకా వచ్చేది ఆకుపచ్చ. స్విచ్చి నుంచి దీపానికి వెళ్లేది ఆకుపచ్చ మీద ఊదా గీత. ఎర్తుది నలుపు. యాభై ఏళ్ల జిడ్డు తుడిచి చూడండి, గీత బయటపడుతుంది!

మీకు తెలుసా? ఆ ఆకుపచ్చ తీగకు తాళం తిప్పితేనే కరెంటు. ఇగ్నిషన్ ఆపేసి, పెడల్ తొక్కి తొక్కి 'వైరింగు పోయింది' అనుకుంటే ఎలా? ముందు తాళం తిప్పండి సార్!

మీకు తెలుసా? ఆ కార్లలో చాలావాటికి స్విచ్చి పెడల్ దగ్గర ఉండదు. బ్రేక్ ఆయిల్ గొట్టానికే బిగించి ఉంటుంది. ఆయిల్ ఒత్తిడికి లోపల కాంటాక్టులు కలుస్తాయి. స్విచ్చి రెండు తీగలూ ఊడదీసి ఒకదానికొకటి తాకించండి. దీపం వెలిగిందా? దొంగ దొరికాడు, స్విచ్చే! ఒక్క మాట: దాన్ని మారిస్తే బ్రేకుల్లో గాలి తీయించడం మరవకండి. దీపం వెలిగి బ్రేకు పడకపోతే ఏం లాభం?

ఇక అన్నిటికన్నా వింత! బ్రేకు తొక్కితే ఇండికేటరు మసగ్గా వెలుగుతుంది, టెయిల్ లైటు గుడ్లప్పగిస్తుంది. దయ్యం కాదు, ఎర్తు! బల్బు హోల్డరు బాడీని తాకే చోట తుప్పు పట్టింది. దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బులోంచి దూరి బాడీకి చేరుతోంది. బ్యాటరీలో బాడీకి కలిపి ఉన్న టెర్మినల్ నుంచి హోల్డరు అంచుకు ఓ తీగముక్క తాకించి చూడండి. దీపం భగ్గుమంటే గరుకు కాగితంతో ఆ చోటు లోహం మెరిసేదాకా రుద్దండి. వైరింగంతా పీకించే ముందు ఈ పని చేయండి, పర్సు బతుకుతుంది!

మీకు తెలుసా? ఓల్టేజి 10 శాతం పడిపోతే బల్బు వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. పిసరంత తుప్పుకు ఎంత జరిమానా!

మీకు తెలుసా? డబుల్ ఫిలమెంట్ బల్బు మెడ మీది రెండు మొలకలూ ఒక ఎత్తులో ఉండవు. ఒకటి పైన, ఒకటి కింద. ఎందుకంటే అందులో 21 వాట్ల బ్రేకు దీపం, 5 వాట్ల టెయిల్ దీపం కాపురముంటాయి. బలవంతంగా తిరగేసి పెడితే బ్రేకు తొక్కినప్పుడు వెలిగేది ఆ 5 వాట్లే!

మీకు తెలుసా? రెండు 21 వాట్ల బల్బులు 12 ఓల్టుల కారులో మూడున్నర ఆంపియర్లు తాగితే, 6 ఓల్టుల కారులో ఏడు తాగుతాయి. సన్న తీగ వేశారో, వేడెక్కుతుంది!

పాజిటివ్ ఎర్తు కారుకు, అంటే బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపిన కారుకు, మామూలు ఎల్ఈడీ బల్బు పెట్టారా? వెలగనే వెలగదు! పాతకాలం ఫిలమెంటుకు మాత్రం కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకటే.

చివరగా ఒక అంకె, ఊపిరి బిగబట్టండి! 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 343 టాక్సీలకు వెనక మరో హెచ్చరిక దీపం తగిలించి చూశారు. వెనక నుంచి గుద్దుకునే ప్రమాదాలు 60.6 శాతం తగ్గాయి. 1986 మోడళ్ల నుంచి అమెరికా కార్లకు మూడో బ్రేక్ లైటు తప్పనిసరైంది. ఒక్క దీపం ఎక్కువైతేనే అంత!

మీ బండికున్న రెండూ వెలుగుతున్నాయా? చీకటి పడ్డాక వెనక బంపరును గోడకు దగ్గరగా పెట్టండి, తాళం తిప్పి బ్రేకు తొక్కి అద్దంలో చూడండి. గోడ మీద రెండు వైపులా ఎరుపు పడితేనే బండి బయటికి తీయండి.