బేగంపేట నాలుగు వైపులా

హైదరాబాద్‌లోని బేగంపేటను ఫొటో తీయాలంటే తెల్లారగానే వెళ్లాలి. కాస్త పొద్దెక్కితే సర్దార్ పటేల్ రోడ్డు బండ్లతో నిండిపోతుంది. అప్పుడు ఏ పాత గోడకు గురిపెట్టినా ముందు బస్సే పడుతుంది.

నేను ముందు వెళ్లేది స్పానిష్ మసీదుకే. గుమ్మటాలు లేవు, వాటి చోట కోసుగా లేచిన శిఖరాలున్నాయి. కొత్తవాళ్లు చర్చి అనుకుంటారు. ఆరో నిజాం దగ్గర దివానుగా చేసిన పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా స్పెయిన్‌లో కోర్డోబా మసీదును చూసి ముచ్చటపడి తలపెట్టిన కట్టడం ఇది. ఫలక్‌నుమా కట్టించిందీ ఆయనే. 1902లో ఆయన కన్నుమూశారు, మసీదు 1906లో పూర్తయింది. తాను కోరుకున్న శిఖరాలను ఆయన చూసుకోలేకపోయారు.

దీన్ని ఫొటో తీయడం తేలిక కాదు. దగ్గరగా నిలబడి కెమెరా పైకెత్తితే శిఖరాలు వెనక్కి వాలిపోయినట్టు వస్తాయి. కెమెరాను నిటారుగా పట్టుకుని, చోటున్నంత వరకు వెనక్కి జరగాలి. మసీదు పెద్దల అనుమతితో, నమాజు వేళ కాని సమయంలో లోపలికి వెళ్తే కమానుల వంపు మీద ఏటవాలు వెలుగు పడుతుంది. ఎక్కడ సున్నం పాతదో, ఎక్కడ కొత్తగా పూశారో ఆ వెలుగులోనే తెలుస్తుంది. మధ్యాహ్నపు ఎండలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

నవాబు వికారుల్ ఉమ్రాదే పైగా ప్యాలెస్ కూడా. అందులో ఒకప్పుడు హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) కార్యాలయం ఉండేది. 2008 నుంచి 2023 వరకు అమెరికా కాన్సులేట్ నడిచింది. అన్నాళ్లూ వీసా కోసం బయట వరుస కట్టినవాళ్లే తప్ప ఆ భవనాన్ని తీరిగ్గా చూసినవాళ్లు తక్కువ. భద్రత వల్ల కెమెరా ఎత్తే వీలూ ఉండేది కాదు. ఊరి నడిబొడ్డునున్న కట్టడం పదిహేనేళ్లపాటు మన ఆల్బముల్లోకి రాలేదంటే నాకు బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత పాత విమానాశ్రయం. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి. హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత, 1949లో, సర్దార్ పటేల్‌కు ఏడో నిజాం చేతులు జోడించి ఎదురొచ్చిన ఫొటో ఈ బేగంపేట విమానాశ్రయంలో తీసిందే. సంస్థానం పోయిందని చెప్పడానికి ఆ ఒక్క ఫొటో చాలు.

విమానాశ్రయం పక్కనే వైద్యుడు రోనాల్డ్ రాస్ పేరిట ఉన్న భవనం. 1897 ఆగస్టు 20న ఆయన ఇక్కడే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. 1902లో నోబెల్ వచ్చింది. ప్రపంచ దోమల దినం జరిపేది ఆ తేదీనే. ఈ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయానిది. దీన్ని తీసేటప్పుడు ముందువైపుతో సరిపెట్టకండి. వెనక గోడ, కిటికీ చెక్క, పైకప్పు అంచు కూడా తీయండి.

ఇంత పట్టుదల ఎందుకో పోలండ్ రాజధాని వార్సాను చూస్తే తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు నేలమట్టం చేసిన అక్కడి పాతబస్తీని మళ్లీ కట్టారు. పద్దెనిమిదో శతాబ్దంలో చిత్రకారుడు బెల్లొట్టో గీసిన చిత్రాలు, యుద్ధానికి ముందు ఆర్కిటెక్చర్ విద్యార్థులు కొలిచి గీసిన పటాలు అందుకు ఆధారమయ్యాయి. 1980లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. యూదులను కుక్కి చంపిన ఘెట్టో మాత్రం తిరిగి లేవలేదు. 1943లో దాన్ని కూల్చేశారు, ఆ శిథిలాల మీదే తర్వాత మురానూవ్ పేట లేచింది. ఇవాళ కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లు ఘెట్టో గోడల్లో మిగిలిన ముక్కలను వెతుక్కుంటూ తిరుగుతారు.

మన ఇళ్లను కూల్చేది యుద్ధం కాదు, స్థలం ధర. పాత భవనాలకు రక్షణగా ఉన్న హుడా నిబంధన 13ను 2015లో తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అయినా పక్కనే ఉన్న ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి శాసనసభ కట్టాలని ప్రభుత్వం నిర్ణయిస్తే, 2019లో హైకోర్టు అడ్డుపడాల్సి వచ్చింది.

పాత కట్టడాలను ఫొటోల్లో దాచే పని మన ఊరికి కొత్తేమీ కాదు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం కాలపు మేడలను, కొలువులను గాజు పలకల మీదికి ఎక్కించారు. ఆయన నెగెటివ్‌లలో 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. మన ఫోన్లలోని ఫొటోలకూ అలాంటి చోటు కావాలి. తీసిన తేదీ, వీధి పేరు, గోడ ఏ దిక్కుదో రాసి పెడితే ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికైనా అవి పనికొస్తాయి. ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు.