ఇంటి బేరము, బ్రోకరు పనితనము

ఇల్లు అమ్మదలచినవారు తమ బ్రోకరును సాధారణముగా రెండు సంగతులను బట్టి మెచ్చుకొందురు. ఎందరిని తీసికొనివచ్చి ఇల్లు చూపించెను, ఎంత ధర పలుకునని చెప్పెను అనునవి ఆ రెండు. మాకు మాత్రము ఈ కొలతలు నమ్మదగినవిగా తోచవు. పదిమంది వచ్చి, గదులన్నియు కలయజూచి, మంచినీళ్లు త్రాగి పోయినంతమాత్రమున బేరము దగ్గరపడినట్లు కాదు. ఇక ధర మాట. ఇంటి తాళము తన చేతికి వచ్చుటకై తొంబది లక్షలని చెప్పి, మూడు నెలలు గడచిన పిమ్మట "బజారు పడిపోయిందండీ" అని డెబ్బదియైదుకు దించువారు లేకపోలేదు. ఎక్కువ ధర చెప్పినవానికంటె, ఆ ధర ఎట్లు వచ్చెనో చెప్పగలవాడు మేలు. ఆ వీధిలో ఇటీవల అమ్ముడైన ఇండ్లేవి, వాని వయస్సెంత, ముందున్న రోడ్డు ఎన్ని అడుగులు అని అడిగిచూడుడు. తెలిసినవాడు తడుముకొనడు.

అసలు చిక్కు కమీషను లెక్కలోనే ఉన్నది. ఇల్లు 80 లక్షలకు పోయినదనుకొందము. నూటికి ఒకటి చొప్పున బ్రోకరునకు 80 వేలు ముట్టును. ఇంకొక నెల ఓపికపట్టి, మరి నలుగురితో మాటలాడి, ధరను 82 లక్షలకు తెచ్చినచో యజమానికి రెండు లక్షలు లాభము. బ్రోకరునకు అదనముగా వచ్చునది 2 వేలు. ఆ 2 వేలకై నెల దినములు తిరుగుటకంటె "వచ్చిన బేరం వదులుకోకండి" అని నచ్చజెప్పుటయే అతనికి సుఖము. మేము అతనిని దుష్టుడనుట లేదు, లెక్కయే అట్లున్నది. అమెరికాలోని షికాగో ప్రాంతపు ఇండ్ల అమ్మకములను పరిశీలించి, స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2008లో ప్రచురించిన వ్యాసము దీనికి సాక్ష్యము. అచ్చటి ఏజెంట్లు తమ సొంత ఇండ్లను అమ్ముకొనునపుడు ఇతరుల ఇండ్లకంటె సుమారు పది దినములు ఎక్కువ వేచియుండి, నూటికి 3.7 వంతున ఎక్కువ ధర రాబట్టుకొనుచున్నారని వారు తేల్చిరి.

కావున బ్రోకరు తొందరచేసినపుడు అతడు చూపు కారణమును పరీక్షింపవలెను. అందులకు ఒక చిన్న నోటుపుస్తకము చాలును. ఎవరు ఏ తేదీన వచ్చిరి, ఎంత ఇత్తుమనిరి, ఏల వెనుదిరిగిరి అని వారమునకొకమారు అతనినడిగి వ్రాసికొనవలెను. నలుగురు వరుసగా మెట్లు ఇరుకనినచో అది ఇంటి లోపము. నలుగురును ధర వినగానే మరలిపోయినచో అది యజమాని ఆశ. ఏ కారణమును చెప్పలేక "చూద్దామండీ" అని దాటవేసినచో అపుడు బ్రోకరును శంకింపవచ్చును. (సంతకము పెట్టవలసిన అన్నదమ్ములలో ఒకరు ఒప్పుకొనని ఇంటిని ఎంతటి సమర్థుడు మాత్రము అమ్మించగలడు?)

మొదటి వారములోనే కాగితములడిగెనా అనునది మరియొక గురుతు. క్రయదస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ, మంజూరైన ప్లాను, ఇంటిపన్ను రసీదు ఇవన్నియు ముందే చూచువాడు పనివాడు. కొనువారు బ్యాంకు అప్పు తీసికొనుచో బ్యాంకు వకీలు వీనిని ఎట్లును చూడక మానడు. బయానా పుచ్చుకొనిన పిమ్మట లింకు దస్తావేజు ఒకటి లేదని తెలిసిన యజమాని అవస్థ చెప్పనలవి కాదు.

చట్టము సంగతి కొంత తెలిసియుండుట మంచిది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 213వ సెక్షను ప్రకారము ఏజెంటు యజమాని అడిగినపుడు సరియైన లెక్కలు చూపవలెను. యజమానికి తెలియకుండ ఆ వ్యవహారమును తన సొంతమునకు నడుపుకొనినచో, అందలి లాభమును యజమాని కోరవచ్చునని 216వ సెక్షను చెప్పుచున్నది. వేరొకరి పేర అగ్రిమెంటు వ్రాయించి, ఇల్లు తానే చేజిక్కించుకొని పై ధరకు మార్చజూచువాడు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. ఇరువైపుల కమీషను పుచ్చుకొనుట మన ఊళ్లలో వాడుకయే. ముందుగా చెప్పి పుచ్చుకొనువానితో మాకు పేచీ లేదు.

ప్రత్యేకమైన ఒప్పందము లేనిచో, పని పూర్తి కానిదే ఏజెంటునకు ప్రతిఫలము చెల్లింపనక్కరలేదని 219వ సెక్షను. అయినను బయానా నాడు సగము, రిజిస్ట్రేషను నాడు సగము అడుగు బ్రోకర్లు కలరు. బయానా తరువాత బేరము తప్పినచో ఆ మొదటి సగము తిరిగి ఇయ్యవలెనా, ఉంచుకొనవచ్చునా అనుదానిని తాళము చేతికిచ్చు నాడే కాగితముపై వ్రాసికొనుడు.