కిటికీలో కొత్తిమీర

మన పెండ్లిండ్లలో అంకురారోపణమను వేడుక యున్నది గదా. ముత్తైదువలు పుట్టమన్ను తెచ్చి మట్టిపాలికలలో నింపి, పాలలో నానిన నవధాన్యములను చల్లి, నీరు చిలుకరించి, అవి మొలకెత్తువరకు కనిపెట్టియుందురు. నాలుగు వ్రేళ్ల లోతుగల పాత్రలో విత్తనమును మొలిపించు విద్య మన స్త్రీలకు క్రొత్తగా నేర్పవలసినది కాదు. పెండ్లి ముగిసిన పిమ్మట ఆ పాలికలను నీటిలో విడిచివేయుదుము. అట్టి పాత్రలను నాలుగింటిని వంటయింటి కిటికీలో సంవత్సరము పొడుగునను నిలుపుకొనుట యెట్లో, దానివలన మనకు గలుగు మేలేమో సోదరీమణులకు విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

"కాలువలు పారు కృష్ణా డెల్టాలో, కనుచూపుమేర వరిచేలు పచ్చగా నుండు మొవ్వ సీమలో, కొత్తిమీరకొరకు కిటికీ నాశ్రయింపవలసిన యక్కఱ యేమి?" యని యెవరైన నడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మొవ్వ యనగా క్షేత్రయ్య తన పదములలో పిలిచిన మువ్వగోపాలుని యూరు. దాని చెంతనే కూచిపూడి. తూర్పున బందరు, ఉత్తరమున గుడివాడ, దక్షిణమున దివిసీమ. ఈ నేల వరికి కన్నతల్లివంటిది. అయితే వరి కోరునది నిలువనీరు. కొత్తిమీర కోరునది నీరు జాఱిపోవు నేల. మన నల్లరేగడి తడిసిన జిగటయై వేళ్లకు గాలి యాడనీయదు. ఎండిన బీటలు వాఱును. శ్రావణ భాద్రపదములలో పెరడు రెండు దినములు నీట మునిగెనా, కొత్తిమీరయు మెంతికూరయు వేరు క్రుళ్లి, పసుపువన్నెకు తిరిగి, నశించును. సముద్రమునకు దగ్గఱనున్న పల్లెలలో బోరునీరు పలుచోట్ల ఉప్పన. ఆ నీరును ఈ సుకుమారపు మొక్కలకు సరిపడదు.

కావున నేలకంటె నెత్తున నుండి, అడుగున చిల్లు గలిగి, మనము కలిపిన మన్నుతో నిండిన కుండీయే వానకాలమున మన పెరటికంటె మేలైన మడి. పెరడు లేనివారికే గాక, పెరడున్నవారికిని ఈ మాట చెల్లును.

ఆశ్వయుజ కార్తికములలో వాయుగుండములు మన తీరమునకు వచ్చుట పరిపాటి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనవంటి మహావిపత్తులయెదుట కుండీల ప్రసక్తియే లేదు. అప్పుడు ప్రాణములు దక్కుటయే పదివేలు. ఇక్కడ చెప్పునది ఏటేట వచ్చు చిన్న గాలివానల సంగతి. మూడు నాలుగు దినములు కూరగాయల బండి వీధిలోనికి రాదు. ఇంటిలో బియ్యము, కందిపప్పు, చింతపండు నుండును, పచ్చనాకు మాత్రముండదు. బండి వచ్చిన నాడు కొత్తిమీరకట్ట వెల విని వెనుకకు తిరుగవలసి వచ్చును. ఒకప్పుడు కూరలు కొన్నవారికి కొసరుగా పెట్టిన కొత్తిమీర యిది!

మఱియొక సంగతి. పాదులు, పందిళ్లు, కరివేప చెట్టు గల పెరళ్లు పల్లెలలోనే తగ్గిపోవుచున్నవి. ఇంటిచుట్టును సిమెంటు పఱచుకొనుట యలవాటైనది. బిడ్డల కొలువులవెంట విజయవాడకో హైదరాబాదునకో వెళ్లి అపార్టుమెంటులలో నుండు పెద్దవారు మన ప్రాంతమున ప్రతి వీధిలోను గలరు. నలుబది యేండ్లు పెరడు నడపిన తల్లికి అచ్చట తన చేతితో చేయదగిన పని యేదియు కనబడదు. అట్టి యింట కిటికీలోని నాలుగు కుండీలు ఆమె యధీనమున నుంచినచో, ఏది ఎప్పుడు విత్తవలెనో, ఏది ఎప్పుడు కోయవలెనో ఇంటివారందఱు ఆమెనే యడుగవలసి వచ్చును. ఇది చిన్న లాభము కాదు.

వెలుతురు

విత్తనముకంటె ముందుగా చూచుకొనవలసినది కిటికీ. తూర్పు కిటికీ యన్నిటికంటె ఉత్తమము. ఉదయపుటెండ మూడు నాలుగు గంటలు తగిలిన ఆకుకూరలకు చాలును. పడమటి కిటికీ చలికాలమున పనికివచ్చును గాని, రోహిణీకార్తె నాటికి అచ్చటి లేతమొక్కలు మాడిపోవును. దక్షిణపు కిటికీ విషయమున నొక విశేషము గలదు. మొవ్వ సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. అందువలన మే మొదటివారము మొదలు ఆగష్టు మొదటివారము వరకు మధ్యాహ్నసూర్యుడు మన నడినెత్తిని దాటి యుత్తరముగ నుండును. ఆ మూడు నెలలు దక్షిణపు కిటికీలోనికి ఎండ రాదు. కార్తికమునుండి మాఘమువరకు సూర్యుడు దక్షిణమున దిగి నడచును గనుక, అదే కిటికీ యెండతో నిండియుండును. కావున కుండీని ఒకేచోట పాతుకొనియుండనీయక, ఋతువునుబట్టి జరుపవలెను. ఉత్తరపు కిటికీ మాత్రమే యున్నవారు పుదీనతో తృప్తి పడుట మంచిది.

మొక్క సన్నగా పొడుగై కిటికీవైపు మెడ చాచినచో అది వెలుతురు చాలక చేయు మొఱ యని గ్రహింపుడు. దోమల జాలి బిగించిన కిటికీలలో వెలుతురు తగ్గును. జాలిమీది దుమ్మును తుడిచినను కొంత మేలు కలుగును.

మన్ను, నీరు

చేనిమన్ను ఒక పాలు, నది యిసుక ఒక పాలు, బాగుగా మాగిన పశువుల యెరువు ఒక పాలు కలుపవలెను. పచ్చిపేడ పనికిరాదు, అది వేళ్లను మాడ్చును. కలిపిన మన్నును కొంచెము తడిపి పిడికిట పట్టి చూడుడు. ముద్దయై, వ్రేలితో తాకగానే విడిపోయిన సరియైనది. ముద్ద విడిపోకున్న నింకను ఇసుక కలుపవలెను. సముద్రపు టిసుక ఉప్పుగలది; దానిని వాడరాదు.

కుండీకి ధనము వెచ్చింపనక్కఱలేదు. పాత నూనెడబ్బా, అంచు విఱిగిన మట్టిచట్టి, ప్లాస్టిక్కు డబ్బా యేదైనను చాలును. జానెడు లోతుండుట మేలు. అడుగున చిల్లులు తప్పక యుండవలెను. చిల్లుమీద నొక పెంకుముక్క వేసిన మన్ను జాఱిపోదు.

కిటికీ మొక్కలు దప్పికవలన చచ్చుటకంటె ప్రేమతో పోసిన నీటివలన చచ్చుటయే యెక్కువ. వ్రేలిని మొదటి కణుపువరకు మన్నులో గ్రుచ్చి చూచి, పొడిగా నున్ననే నీరు పోయుడు. బియ్యము కడిగిన నీరు పోయవచ్చును. అయితే రోజును పోసిన మన్ను పులిసి చిన్న చిన్న ఈగలు మూగును, వారమునకు రెండుసార్లు చాలును. ఉప్పునీరు గల యూళ్లవారు వాననీటిని పట్టి యుంచుకొనుడు. కుండీయంచున తెల్లని పొఱ కట్టినచో ఉప్పు పేరుకొన్నదని గుర్తు. అప్పుడు మంచినీటిని అడుగుచిల్లునుండి కాఱువఱకు నిండుగా పోసి కడిగివేయవలెను.

కుండీక్రింది పళ్లెమున నీరు నిలువనీయరాదు. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ అట్టి చిన్న నీటిమడుగులలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి దోమ యగుటకు వారము పది దినములు చాలును. వారమున కొకసారియైన ఆ పళ్లెమును తోమి యారబెట్టుట మఱవకుడు.

ఏ మొక్క యెట్లు?

క్రొత్తగా మొదలిడువారు మెంతులతో మొదలిడుడు. పోపులపెట్టెలోని మెంతులే విత్తనములు. ఒక రాత్రి నానవేసి చల్లినచో మూడు నాలుగు దినములలో మొలచును. మూడు నాలుగు వారములలో పప్పులోనికి కోయవచ్చును. ఇంత త్వరగా ఫలమిచ్చి ధైర్యము చెప్పు మొక్క వేఱొకటి లేదు.

సంస్కృతమున కుస్తుంబురు వనబడు కొత్తిమీర కొంచెము నిదానపుది. మనము ధనియమనునది ఒక విత్తనము గాదు. రెండు బద్దలు కూడిన కాయ. దానిని పీటమీద వేసి అప్పడాలకఱ్ఱతో మెల్లగా నొత్తి రెండుగా విడదీసి, ఒక రాత్రి నానవేసి విత్తవలెను. వేయించిన ధనియాలు మొలవవు. మొలకకు వారము మొదలు రెండు వారములు పట్టును. కోతకు సుమారు 40 దినములు. దీనికి తల్లివేరు సూటిగా దిగును గనుక పెఱికి నాటిన బ్రతుకుట కష్టము. మొదటనే కుండీలో పలుచగా విత్తుడు.

ఒకసారి విత్తిన కుండీ యెల్లకాలము నిచ్చునని తలచుటవలననే పలువురు విసిగి మానివేయుదురు. కొత్తిమీర ఒకటి రెండు కోతలతో ముగియును. కావున నాలుగు కుండీలు పెట్టుకొని, అమావాస్యకొకటి, పున్నమికొకటి చొప్పున వరుసగా విత్తుడు. ఇది తిథిబలముకొరకు గాదు. పదునైదు దినముల లెక్క మఱవకుండుటకు. నాలుగవది విత్తునప్పటికి మొదటిది కోతకు వచ్చును. అది ముగిసిన వెంటనే మఱల దానిలో విత్తవలెను. మార్చి దాటిన పిమ్మట వేడికి కొత్తిమీర త్వరగా పూతకు వచ్చి ఆకు తగ్గును. అప్పుడు దానిని పడమటి యెండకు దూరముగ నుంచవలెను. లేదా ఆ రెండు నెలలు దానిని మాని, పుదీనతో జరుపుకొనవలెను.

పుదీన పేరు పారసీకభాషది. గోల్కొండ నవాబులయేలుబడిలో పారసీకదేశపు టోడలు మన బందరు రేవునకు వచ్చుచుండెడివి. ఆ భాషలోని మాటలు మన వంటయిండ్లలో నిలిచియుండుట వింత గాదు. పుదీనకు విత్తనముతో పనిలేదు. ఆకులు త్రుంచుకొని మనము పారవేయు కాడలే దాని నారు. గట్టి కాడలను నాలుగు వ్రేళ్ల పొడవున కోసి, క్రింది యాకులు తీసి, గ్లాసు నీటిలో నిలిపినచో వారము పది దినములలో కణుపులవద్ద వేళ్లు పుట్టును. ఆ పిమ్మట మన్నులో నాటవలెను. ఇది ప్రాకుచు ప్రక్కవానిని త్రోసివేయు జాతి. దీనికి వేఱుకుండీ యియ్యవలెను. కొనలు త్రుంచిన కొలది గుబురగును.

వామాకు మందమైన ఆకులు గలది. కొమ్మ త్రుంచి గ్రుచ్చిన బ్రతుకును. నీరు తక్కువగా కావలెను. బజ్జీలకును, పెరుగుపచ్చడికిని రుచి నిచ్చును. ఇది వాముగింజలనిచ్చు మొక్క గాదు. వాసన పోలికనుబట్టి వచ్చిన పేరు మాత్రమే. మొలకెత్తిన ఉల్లిపాయను పారవేయక కుండీలో సగము పూడ్చినచో రెండు వారములలో పచ్చని కాడలు వచ్చును.

కిటికీకి తగనివి

కరివేప చెట్టుజాతి. కుండీలో కొన్నేండ్లు బ్రతుకును గాని నిండుటెండయు లోతైన మన్నును కోరును. కిటికీలో నీరసించి నాలుగాకులతో నిలుచును. డాబాపైననో బాల్కనీలోనో పెద్దతొట్టి పెట్టగలవారే దానిని పెంపవలెను. పచ్చిమిరపకు రోజునకు ఆఱు గంటల యెండ లేనిదే కాయలు పట్టవు. తోటకూర, గోంగూర ఇంటిల్లిపాదికి చాలినంత కావలెనన్న కిటికీ చాలదు. వానిని బండిమీదనే కొనవలెను.

ఈ చివరిమాట కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత యున్నట్లు తేలినది. చారుమీద చల్లిన చిటికెడు కొత్తిమీర దానికి మందు గాదు. వైద్యులు చెప్పిన మాత్రలు, పప్పుధాన్యములు, నిండుగా తిన్న ఆకుకూరలు కావలెను. అయితే వట్టి పప్పన్నము రుచింపనివారికి మెంతియాకు వాసన తగిలిన ముద్ద దిగును. పైన నిమ్మకాయ పిండినచో ఆహారములోని యినుము ఒంటికి చక్కగా పట్టును. పిల్లలు తాము నీరు పోసిన కొత్తిమీరను పళ్లెమున ఏఱి పెట్టుట కొంత తగ్గును. మన కిటికీమడి చేయగల సాయమింతే, ఇంతయైనను విలువగలదే.

కోసిన ఆకును వెంటనే వాడుకొనుట యీ మడివలన గలుగు ముఖ్యలాభము. బజారుకట్టలో సగము వాడి మిగిలినది ఫ్రిజ్జులో నల్లబడుట అందఱెఱిగినదే. కిటికీలో నాలుగు రెమ్మలు కావలసిననాడు నాలుగే త్రుంచవచ్చును. మిగిలినది మఱునాటికి పెరుగుచుండును. చారు దించిన పిమ్మటనే కొత్తిమీర వేయుడు. మరగనిచ్చిన దాని పరిమళమును, సి విటమినును ఆవిరితోడను వేడితోడను పోవును. పేనుబంక పట్టినచో మందులు చల్లక, ఆకు వెనుకభాగమును నీటిధారతో కడిగిన చాలును. వంటకు కోయు ఆకుమీద విషము చల్లుకొనరాదు.

వానలు తగ్గి చలి మొదలగు కార్తికము ఈ పనికి మిక్కిలి అనువైన కాలము. అయినను మెంతులకు ముహూర్తముతో పనిలేదు. ఈ రాత్రి యొక చెంచాడు మెంతులు గిన్నెలో నానవేయుడు. రేపు ఉదయమున, చిల్లు చేసిన యొక డబ్బాలో చల్లి తూర్పు కిటికీలో నుంచుడు. మూడవనాడో నాలుగవనాడో మన్ను పగిలి పచ్చని మొన కనబడిన తరువాత, రెండవ డబ్బా పెట్టుమని మీకు వేఱొకరు చెప్పనక్కఱ యుండదు.