పెరుగుదల హార్మోను - కణముల క్షేమము

మెదడు అడుగుభాగమున శెనగగింజంత గ్రంథి యొకటి వ్రేలాడుచుండును. దీనిని పీయూష గ్రంథి అందురు. ఇది స్రవించు హార్మోనులలో పెరుగుదల హార్మోను ఒకటి. అది రక్తముద్వారా కాలేయమును చేరి, అచట ఐ.జి.ఎఫ్.-1 అను మరియొక పదార్థము తయారగునట్లు చేయును. బాల్యమున ఎముకలు పొడవగుట, కండరములు బలియుట ముఖ్యముగా ఈ రెండింటి వలననే.

ఈ హార్మోను తక్కువైన పిల్లలు పొట్టిగా నుందురు. ఎక్కువైనవారు అసాధారణముగా పొడవగుదురు. ఎముకల పొడవు పెరుగుట ఆగిన పిమ్మట అది ఎక్కువైనచో చేతులు, పాదములు, దవడ క్రమముగా పెద్దవగును. వ్రేలి ఉంగరము బిగియును. చెప్పుల కొలత మారును. ఈ వ్యాధి పేరు ఏక్రోమెగలీ. పీయూష గ్రంథిలో పుట్టిన చిన్న కంతి దీనికి సాధారణ కారణము. అయితే ఈ హార్మోను ప్రభావము ఎత్తుతోను, ఆకారముతోను ముగియదు. కణములలోని జన్యుపదార్థపు క్షేమముతో కూడ దీనికి సంబంధము కలదు.

ప్రతి కణమునందలి జన్యుసమాచారము డి.ఎన్.ఏ. అను పొడవైన దారమువంటి అణువులో నున్నది. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు, పొగాకు పొగ, కణములోనే పుట్టు కొన్ని పదార్థములు దీనిని దెబ్బతీయుచుండును. కణము వెంటనే మరమ్మతునకు పూనుకొనును. మరమ్మతు సాధ్యము కానిచో తరచుగా తన్ను తానే నశింపజేసుకొనును. ఇది శరీరమునకు మేలు. చెడిన కణము నశింపక విభజన చెందుచు పోయినచో తప్పులు పోగుపడి కాన్సరుకు దారితీయవచ్చును.

ఇందు పెరుగుదల హార్మోను పాత్ర యేమి? దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశమున, దక్షిణపు కొండపల్లెలలో, పెద్దవారైనను సుమారు నాలుగడుగులకు మించని మనుష్యులు కొందరు కలరు. వారి రక్తమున పెరుగుదల హార్మోనునకు కొదువ లేదు. కాని దానిని అందుకొనవలసిన గ్రాహకము జన్యులోపము వలన పనిచేయదు. తాళపుచెవి ఉన్నది, తాళమే చెడినది. కనుక ఐ.జి.ఎఫ్.-1 మిక్కిలి తక్కువ. ఇజ్రాయెల్ వైద్యుడు జ్వీ లారాన్ 1966లో ఇట్టి రోగులను వర్ణించెను. ఆయన పేరనే దీనిని లారాన్ సిండ్రోము అందురు.

ఈక్వడార్ వైద్యుడు హైమే గెవారా-అగిరే ఇట్టివారిని 22 సంవత్సరములు గమనించెను. ఆయనయు, వాల్టర్ లాంగో మొదలగువారును 2011లో ఫలితములను ప్రకటించిరి. 99 మందిలో ఒక్కరికే కాన్సరు వచ్చెను; అదియు ప్రాణాంతకము కాలేదు. మధుమేహము ఎవరికిని లేదు. సామాన్యమైన ఎత్తుగల బంధువులలో కాన్సరు నూటికి 17 పాళ్లు, మధుమేహము 5 పాళ్లు ఉండెను.

కారణము తెలిసికొనుటకు ఒక ప్రయోగము జరిపిరి. మానవ కణములను కొన్ని పాత్రలలో లారాన్ రోగుల రక్తపు సీరముతోను, మరికొన్నిటిలో బంధువుల సీరముతోను పెంచి, హైడ్రోజన్ పెరాక్సైడుతో దెబ్బతీసిరి. మొదటివానిలో డి.ఎన్.ఏ. తక్కువగా తెగెను, అయినను చెడిన కణములు ఎక్కువగా నశించెను. ఐ.జి.ఎఫ్.-1 చేర్చగానే ఈ రెండు గుణములును తారుమారయ్యెను. అనగా కణమును పెంచు పదార్థమే చెడిన కణమును కూడ బ్రతికించుచున్నదన్నమాట.

హార్మోను అధికమైనపుడు దీనికి విరుద్ధము. అది పెద్దప్రేగు కణములలో డి.ఎన్.ఏ. మరమ్మతును మందగింపజేయునని ఇటీవలి ప్రయోగములు చూపినవి. ఏక్రోమెగలీ రోగుల పెద్దప్రేగులో పిలకలవంటి కంతులు ఎక్కువగా కనబడును. అందుచే వ్యాధి బయటపడగానే పెద్దప్రేగును పరీక్షింతురు. కాన్సరు ప్రమాదము ఎంత పెరుగునను విషయమున వైద్యులలో ఇంకను ఏకాభిప్రాయము లేదు. శస్త్రచికిత్స చేతను, మందుల చేతను హార్మోనును అదుపులోనికి తెచ్చుట మాత్రము అవసరము.

అట్లని హార్మోను లోపము వరమని తలపరాదు. లారాన్ సిండ్రోము గల పిల్లలకు రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. వారు ఇతరులకంటె ఎక్కువకాలము జీవించినట్లును రుజువు కాలేదు. నిజమైన లోపముగల బాలునకు వైద్యుడిచ్చు హార్మోను చికిత్స ఉపయోగకరము. దానిని భయముచే మానరాదు. కాని ఎత్తు పెరుగవలెనని, కండలు రావలెనని ఆరోగ్యవంతులు ఈ సూదిమందును తమంతట తాము వేయించుకొనుట తగదు. ఆ హార్మోను ఎముకలతోను, కండలతోను ఆగదు. మరమ్మతు పూర్తికాని కణములకు కూడ అది ప్రోత్సాహ మిచ్చును.